ఏదున్నా సరే, తెలుగైతే మేలు

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నెంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దాటాక, నార్కట్‌పల్లి రాకముందు వచ్చేది చిట్యాల. బస్సు ఆగితే ఉరుమడ్ల పోయేవాళ్లు, రామన్నపేట ఆటో కోసం చూసేవాళ్లు, ఊరికే చాయ్ కోసం దిగేవాళ్లు కిందికి వస్తారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు. వాళ్లలో ఎవరో ఒకరు తెలుగు వికీపీడియా తెరిచి ‘చిట్యాల’ అని వెతికారనుకోండి. కన్ను మూసి తెరిచేలోపు ఊరి పేజీ వచ్చేస్తుంది. రాకపోతే విసుక్కుంటాం. వస్తే మాత్రం ఎలా వచ్చిందని అడిగే పాపాన పోం.

అది వచ్చేముందు ఫోను ఒక విన్నపం పంపింది. సింగపూర్‌లోనో మరో దేశంలోనో గది నిండా వేడెక్కి పనిచేస్తున్న ఒక సర్వర్ దాన్ని చదివింది. ఆ విన్నపంలో ఉన్న మర్యాదను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అసలు చీటీ ఇంగ్లీషు అక్షరాల్లో పోతుంది. మన లిపిలోకి దింపితే, తెలుగు ఎంచుకున్న ఫోను నుంచి వెళ్లేది దాదాపు ఇలా ఉంటుంది:

యాక్సెప్ట్: టెక్స్ట్/హెచ్‌టీఎమ్‌ఎల్, అప్లికేషన్/ఎక్స్‌ఎమ్‌ఎల్;క్యూ=0.9, */*;క్యూ=0.8
యాక్సెప్ట్-లాంగ్వేజ్: టీఈ-ఐఎన్, టీఈ;క్యూ=0.9, ఈఎన్;క్యూ=0.8
యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్: జీజిప్, బీఆర్

చూడ్డానికి యంత్రాల గొణుగుడులా ఉంది గానీ, హైవే పక్క హోటల్లో ఆకలి మీద కూచున్న మనిషి సర్వర్‌తో అనే మాట ఇదే. “ఇడ్లీ ఉంటే ఇడ్లీ తే. లేకుంటే దోశ. అది గూడ అయిపోతే ఏదుంటే అది పెట్టు తమ్మీ.” ఆ చివరి రెండు చుక్కగుర్తులు, మధ్యలో వాలుగీత ఉన్నాయే, అదే ‘ఏదుంటే అది’. అన్నిటికంటే వెనక, తక్కువ మార్కులతో, అయినా చీటీలో ఉంటుంది. ఉత్త చేతులతో తిరిగిపోవడానికి రాలేదని ముందే చెప్పుకున్నట్టు.

క్యూ అంటే ఎంత ఇష్టమో చెప్పే అంకె. సున్నా నుంచి ఒకటి దాకా ఉంటుంది, దశాంశం తర్వాత మూడు అంకెల వరకూ వేసుకోవచ్చు. అంటే మన ఇష్టాయిష్టాలను వెయ్యి మెట్లుగా విడగొట్టి చెప్పుకునే వీలుంది. అంకె వెయ్యకుండా వదిలేస్తే ఒకటి కింద లెక్క, నిండు ఇష్టం. సున్నా వేస్తే దాపరికం లేని మాట: అది నాకొద్దు. మనిషి మనిషితో ఇంత స్పష్టంగా మాట్లాడితే సగం తగువులు పుట్టవు. ఇది కావాలి, ఇదైనా ఫర్వాలేదు, ఇదొక్కటీ వద్దు అని మూడు మాటలు ముందే చెప్పేస్తే, ఇచ్చేవాడికి ఊహించుకునే బాధ తప్పుతుంది.

ఎదుటివైపు మర్యాద ఇంకా గొప్పది. సర్వర్ తన దగ్గరున్నవి చూసుకుంటుంది, అడిగినవాటితో పోల్చుకుంటుంది, అన్నిటికంటే బాగా కుదిరేది తీస్తుంది. అంతటితో ఆగకుండా ఇచ్చిన వస్తువు మీద చీటీ అంటించి మరీ ఇస్తుంది: ఇది హెచ్‌టీఎమ్‌ఎల్, ఇది తెలుగు, దీన్ని ఈ పద్ధతిలో కుదించాను. అడిగిందేదీ లేకపోతే 406 అనే అంకెతో ‘నీకు పనికొచ్చేది నా దగ్గర లేదు’ అనే హక్కు దానికుంది. ఆ హక్కును వాడుకునే సర్వర్లు అరుదు. 2022 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9110 అనే ప్రమాణ పత్రం కూడా, అడిగింది లేనప్పుడు ఉన్నదేదో ఇవ్వడానికి అడ్డు చెప్పదు. గుమ్మంలోకి వచ్చిన మనిషికి కనీసం మంచినీళ్లయినా ఇచ్చి పంపే మన పల్లెల పద్ధతికి ఏ పేరు పెట్టారో గానీ, ఇంజనీర్లు దాన్ని పత్రంలో రాసుకున్నారు.

ఈ మర్యాద మొదటి రోజు నుంచీ లేదు. 1991లో జెనీవా పక్కనున్న సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను నడిపించినప్పుడు విన్నపం ఒక్క వాక్యం: ఫలానా కాగితం ఇవ్వు. కాగితం వచ్చేది, సంభాషణ ముగిసేది. ఏ రూపంలో అన్న ప్రశ్నే లేదు, రూపం ఒక్కటే గనక. కానీ సెర్న్ అంటే నానా దేశాల శాస్త్రవేత్తలు, నానా రకాల కంప్యూటర్లు. ఒకరి యంత్రం బొమ్మలు చూపిస్తుంది, ఇంకొకరిది అక్షరాలు తప్ప ఏమీ చూపించలేదు. అందరికీ ఒకే రూపం రుద్దడం కుదరదని బెర్నర్స్-లీకి ముందే తెలుసు. రెండేళ్లు తిరక్కుండానే ముసాయిదాల్లో యాక్సెప్ట్ వచ్చింది, క్యూ వచ్చింది. ఆ తొలి ముసాయిదాల్లో ఇంకో రెండు ముచ్చటైన అంశాలుండేవి. నేను ఇన్ని బైట్ల దాకా మోయగలను, ఇన్ని సెకన్ల దాకా ఆగగలను అని కూడా బ్రౌజరు చెప్పుకునే వీలుండేది. తర్వాతి పత్రాల్లో ఆ రెండూ రాలిపోయాయి. నాకు ఇప్పటికీ వాటి మీద బెంగే. ఎండాకాలం మధ్యాహ్నం, రెండు గీతల సిగ్నలుతో బస్టాండులో నిలబడ్డవాడికి ‘నేను ఇంతసేపే ఆగగలను’ అని చెప్పుకునే వీలుంటే ఎంత బాగుండును.

వస్తువు మీద అంటించే చీటీ పుట్టింది వెబ్ కోసం కాదు, ఈమెయిలు కోసం. అమెరికాలో నథానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు, ఉత్తరంలో అక్షరాలతో పాటు బొమ్మలూ పాటలూ ఎలా పంపాలా అని తలలు పట్టుకున్నారు. 1992 మార్చి 11న బోరెన్‌స్టైన్ ఒక ఫొటోనూ, తన పాటల జట్టు పాడిన పాటనూ జతచేసి మెయిలు పంపారు. ఆ జూన్‌లోనే ‘మైమ్’ పేరుతో ప్రమాణ పత్రం వచ్చింది. ప్రతి వస్తువుకూ రెండు ముక్కల పేరు: ముందు జాతి, తర్వాత రకం. టెక్స్ట్/హెచ్‌టీఎమ్‌ఎల్. ఇమేజ్/పీఎన్‌జీ. ఆడియో/ఎమ్‌పెగ్. ఇంటిపేరూ పేరూ పెట్టుకున్నట్టు. ఈ రోజు మన ఫోనులోకి వచ్చే ప్రతి అక్షరం, ప్రతి బొమ్మ ఆ ఇద్దరు పెట్టిన పద్ధతిలోని పేర్లతోనే ఊరేగుతూ వస్తుంది.

చీటీ లేకపోతే, లేదా తప్పు చీటీ అంటిస్తే ఏమవుతుంది? ఇక్కడ తెలుగువాళ్లం చెప్పగలిగినంతగా ఎవరూ చెప్పలేరు.

‘చిట్యాల’ అన్న మాటనే తీసుకుందాం. కంటికి మూడక్షరాలు: చి, ట్యా, ల. అన్ని భాషల అక్షరాలకూ అంకెలిచ్చే యునికోడ్‌కు ఏడు ముక్కలు: చ, గుడి, ట, పొల్లు, య, దీర్ఘం, ల. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు ముక్కకు మూడు బైట్లు, అంటే మొత్తం 21. ఆ 21 బైట్లనూ అంకెలుగా రాస్తే చ అంటే 224, 176, 154. గుడి 224, 176, 191. ట 224, 176, 159. ఇలాగే సాగుతుంది. ఏడు ముక్కలూ 224తోనే మొదలవుతాయి, అది తెలుగు గుమ్మంలాంటి అంకె. రెండో అంకె ఆరుసార్లు 176. ఒక్క పొల్లు దగ్గర మాత్రం 177.

ఈ 21 అంకెలు తమంతట తాము తెలుగు కావు. ‘ఇవి యూటీఎఫ్-8’ అని సర్వర్ ఒక్క ముక్క చెబితేనే తెలుగు. చెప్పకపోయినా, వెనకటి యూరప్ అక్షరాల పేరు చెప్పినా, బ్రౌజరు ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా చదివేస్తుంది. అప్పుడు 224 నెత్తిన వాలుగీత పెట్టుకున్న ఇంగ్లీషు చిన్న ‘ఏ’ అవుతుంది. 176 ఉష్ణోగ్రత పక్కన రాసే బుల్లి సున్నా అవుతుంది. గీత పెట్టుకున్న ‘ఏ’లూ గాలిలో సున్నాలూ వరసగట్టిన ఆ పేజీని తెలుగు చదివే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటాడు. ఈసారి కనిపిస్తే జాగ్రత్తగా చూడండి: సున్నా ఉండాల్సిన చోట అక్కడక్కడా ప్లస్సు కింద మైనస్సు ఉన్న గుర్తు కనిపిస్తుంది. పొల్లో, ఒకారమో, ఇంకొన్ని గుణింతపు గుర్తులో అక్కడ దాక్కున్నాయన్నమాట. చిట్యాలలో అయితే ఆ గుర్తు ఒక్కటే, ట కింద య వత్తు తగిలించిన చోట.

అంతకుముందు కాలం ఇంకా వింత. తెలుగు పత్రికల వెబ్‌సైటు తెరిస్తే ముందు ‘మా ఫాంటు దించుకోండి’ అని కబురు. పత్రికకొక ఫాంటు. లోపల పంపేది ఇంగ్లీషు, యూరప్ అక్షరాల అంకెలు, పైన తెలుగు ముసుగు. బ్రౌజరుకు చెప్పిన చీటీ ఒకటి, లోపలి సరుకు ఇంకొకటి. ఫాంటు ఉన్న కంప్యూటరులో తెలుగు, లేని కంప్యూటరులో చెత్త. వెతికితే దొరకదు, నకలు తీసి ఇంకోచోట పెడితే చదవరాదు. ఆ రోజుల్లో నాగార్జున వెన్న ‘పద్మ’ అనే చిన్న సాధనం చేశారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు తగిలించుకుంటే, పత్రికల ముసుగు భాషలను కనిపెట్టి అక్కడికక్కడే యునికోడ్ తెలుగులోకి మార్చేది. తప్పు చీటీతో వచ్చిన మూటను మధ్యదారిలో విప్పి, సరైన చీటీ అంటించి చేతికిచ్చిన పని అది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిందీ ఆయనే. ఒకే చేతి మీదుగా పాత గజిబిజికి మందూ, కొత్త పంటకు విత్తనమూ రెండూ రావడం మన అదృష్టం.

1991లో వెలువడిన యునికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటుంది. మన దేశపు ఇస్కీ ప్రమాణం వేసిన బాటలో, తెలుగుకు 128 గదుల వరస కేటాయించారు. ఆ గదులను బైట్లుగా మోసే యూటీఎఫ్-8 పద్ధతిని 1992 సెప్టెంబరులో ఒక రాత్రి న్యూజెర్సీలోని ఒక హోటల్లో, పళ్లెం కింద వేసే కాగితం మీద కెన్ థాంప్సన్ గీశారు, పక్కన రాబ్ పైక్. మైమ్ వచ్చిన ఏడాదే. తిండి బల్ల మీద పుట్టిన ఆ లెక్కలోనే ఈ రోజు మన పేర్లూ, పొలాల కాగితాలూ, పెళ్లి పిలుపులూ తిరుగుతున్నాయి.

దీంట్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముచ్చట ఒకటుంది. వెనక విన్నపంలో ‘యాక్సెప్ట్-చార్‌సెట్’ అని ఇంకో వరస ఉండేది, ఏ అక్షర పద్ధతి కావాలో చెప్పుకోవడానికి. ఆర్‌ఎఫ్‌సీ 9110 దానికి వీడ్కోలు పలికింది. ముఖ్యమైన కారణం: లోకమంతా దాదాపు యూటీఎఫ్-8కు వచ్చేసింది, ఇక అడగాల్సిన పనిలేదు. బేరం కుదిరిపోయి బేరమాడే మాటే అక్కర్లేకుండా పోయింది. వెబ్‌లో విఫలమై చచ్చిపోయిన వరసలు బోలెడు. గెలిచి విరమించిన వరస నాకు తెలిసి ఇది.

కుదింపు సంగతికొద్దాం. ఒక్కో ముక్కకు మూడు బైట్లు అంటే తెలుగు పేజీ ఇంగ్లీషు పేజీ కంటే బరువని కొందరి సణుగుడు. నిజమే, విప్పి తూస్తే బరువే. కానీ ఫోను తన చీటీలో ‘జీజిప్, బీఆర్’ అని రాసింది కదా, కుదించి పంపినా విప్పుకోగలనని. కుదించే పద్ధతులన్నీ బతికేది పునరుక్తి మీద. ఒకసారి వచ్చింది మళ్లీ వస్తే, మళ్లీ రాయకుండా ‘ఇందాకటిదే’ అనేస్తాయి. ఇప్పుడు మన 224, 176 గుర్తు తెచ్చుకోండి. తెలుగు పేజీ అంతా 224, 176, మళ్లీ 224, 176, మధ్యమధ్య 224, 177. కుదించేవాడికి ఇంతకంటే విందు ఏముంటుంది? మన లిపికి భారమనుకున్న పునరుక్తే దాన్ని తేలిక చేస్తుంది. బీఆర్ అంటే బ్రోట్లి, గూగుల్‌లో పుట్టి 2016లో ప్రమాణమైంది. దానికి పుట్టుకతోనే ఒక నిఘంటువు ఉంది, తరచు వచ్చే మాటలు ముందే కంఠతా పట్టి ఉంటుంది. అందులో హిందీ ఉంది, అరబ్బీ ఉంది, చైనీస్ ఉంది. తెలుగు లేదు. కంఠతా రాకపోయినా, చూసి నేర్చుకునే తెలివి ఉంది గనక మన పని ఆగడం లేదు.

బొమ్మల దగ్గర ఈ ఒప్పందం చప్పుడు లేకుండా రోజూ జరుగుతుంది. ఫోను ‘నేను అవిఫ్ చదవగలను, వెబ్‌పీ చదవగలను’ అని చెప్పుకుంటుంది. సర్వర్ చదవగలిగినవాళ్లకు తేలికపాటి కొత్త రూపం, చదవలేని పాత ఫోన్లకు పాత జేపెగ్ పంపుతుంది. చిరునామా ఒక్కటే, ఫొటో ఒక్కటే. పక్కపక్కన కూచున్న తాతకూ మనవడికీ వేరువేరు రూపాలు వస్తాయి, ఇద్దరూ అదే ఫొటో చూశామనుకుంటారు. పాత ఫోను ఉన్నవాడిని చిన్నబుచ్చకుండా నడిచే ఏర్పాటు ఏదైనా నాకు ముద్దే.

ఇంకో చిన్న పదం ఉంది: ‘వేరీ’. సర్వర్ జవాబులో వస్తుంది. సర్వర్‌కూ ఫోనుకూ మధ్య దారిలో నకళ్లు దాచుకునే మజిలీలు ఉంటాయి. ఒకరికి పంపిన పేజీని దాచి, తర్వాత అదే అడిగినవాళ్లకు అక్కడి నుంచే ఇచ్చేస్తాయి. ఇంగ్లీషు అడిగినవాడి కోసం దాచిన పేజీని తెలుగు అడిగినవాడి చేతిలో పెడితే? అందుకే సర్వర్ ముందుచూపుతో ‘వేరీ: యాక్సెప్ట్-లాంగ్వేజ్’ అని రాసి పంపుతుంది. నేను భాషను చూసి ఇచ్చాను, నువ్వూ భాషను చూసే ఇవ్వు అని. ఎప్పుడో రాబోయే, ఎవరో తెలియని మనిషి కోసం పెట్టిన జాగ్రత్త అది. ఒక్క వరస. ఇది రాయడం మరిచిపోయిన సైట్లు తెలుగువాడికి ఇంగ్లీషు, ఇంగ్లీషువాడికి తెలుగు వడ్డించి నవ్వులపాలవుతుంటాయి.

ఇంత పొగిడాక లోటు చెప్పకపోతే అన్యాయం. రూపాల దగ్గర, కుదింపు దగ్గర పాటించిన మర్యాదను భాష దగ్గర చాలామంది పాటించరు. ఫోను ‘తెలుగు’ అని రాసి పంపుతుంది, సైటు ఆ వరస చదవదు. ఎక్కడి నుంచి వచ్చావో చూసి, ఇండియా అయితే ఇంగ్లీషో హిందీయో తెరిచేస్తుంది. చెన్నైలో బతికే తెలుగువాడికి తమిళం, ఫ్రాంక్‌ఫర్టులో ఉన్నవాడికి జర్మను. అడిగింది వినకుండా మొహం చూసి వడ్డించడం ఏం పద్ధతి? వికీపీడియా మొదటి పేజీ తెరిచి చూడండి, బ్రౌజరు చెప్పిన భాషను పట్టించుకుని ఆ భాషను పైకి తెచ్చి చూపిస్తుంది. చెయ్యదలుచుకుంటే చెయ్యగల పనే.

తప్పంతా సర్వర్లదే అనడానికీ లేదు. తెలుగు తప్ప ఇంకో మాట రాని ఇళ్లలో కూడా ఫోను మాత్రం డబ్బాలోంచి తీసిన నాటి ఇంగ్లీషులోనే ఉంటుంది. కొన్న దుకాణంలో అట్లా పెట్టి ఇచ్చారు, అట్లాగే ఉండిపోయింది. చిట్యాల నుంచి వెళ్లే ఆ ఫోను విన్నపం ఈఎన్, అంటే ఇంగ్లీషు, అని చెబుతుంది. అవతల లెక్కలు తీసేవాడికి అక్కడ ఇంకో ఇంగ్లీషు పాఠకుడు కనిపిస్తాడు. తెలుగు పేజీ తయారుచెయ్యాలా వద్దా అని కూచుని తేల్చేటప్పుడు ఆ లెక్కే బల్ల మీదకు వస్తుంది.

పైగా ఈ మధ్య ఇంకో మార్పు. ఎవరెవరు ఏయే భాషలు ఏ వరసలో రాసుకున్నారో చూసి మనిషిని పసిగట్టే వ్యాపారాలు పుట్టడంతో, బ్రౌజర్లు జాబితా మొత్తం పంపడం తగ్గిస్తున్నాయి. ఐఫోను సఫారీ చాలాకాలంగా మొదటి భాషనే చెబుతోంది, క్రోమ్ కూడా ఆ దారి పట్టింది. అంటే రెండో వరసలో ఉన్న తెలుగు అసలు గడప దాటకపోవచ్చు.

కాబట్టి చిన్న మనవి. ఫోను సెట్టింగ్స్‌లో భాషలు అన్నచోటికి వెళ్లి తెలుగును చేర్చండి, వేలితో పట్టి పైకి లాగండి. ఇంగ్లీషును తీసెయ్యనక్కర్లేదు, రెండోదిగా ఉండనివ్వండి. క్రోమ్ వాడేవాళ్లు అందులోని భాషల జాబితా కూడా ఒకసారి చూసుకోండి. మెనూల్లో మాటలు రెండు రోజులు కొత్తగా ఉంటాయి, మూడో రోజుకు అలవాటైపోతాయి. మీది అయ్యాక ఇంట్లో అమ్మదీ నాన్నదీ కూడా మార్చి పెట్టండి.